క్రీము మానితే మొహం మండుతోంది, సంక్రాంతికి మా ఆయన వస్తున్నారు

రాజోలు వైపు నుంచి ఒక సోదరి దసరా వెళ్లగానే రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 33 ఏళ్లు, ఎనిమిదేళ్ల బాబు. భర్త కువైట్‌లో డ్రైవరు, రెండేళ్లకోసారి వస్తారు. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని లేసు అల్లుతారు. వారానికోసారి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి, అల్లిన సరుకు అప్పజెప్పి దారం తెచ్చుకుంటారు. బాబు కడుపులో ఉన్నప్పుడు బుగ్గల మీద, పై పెదవి మీద మంగు వచ్చింది. కాన్పయ్యాక కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నిరుడు ఎండాకాలం మళ్లీ ముదిరింది. భర్త అక్కగారు, అంటే ఈమెకు వదిన, ఊళ్లో పార్లర్ నడుపుతారు. ఆవిడ మందుల షాపు నుంచి ఒక ట్యూబు తెప్పించి ఇచ్చారు. పది రోజుల్లో మొహం నున్నగా, తెల్లగా వచ్చింది. వీధిలో అందరూ ఏం రాస్తున్నావని అడిగారు. నాలుగు నెలలు గడిచేసరికి ట్యూబు పనిచేయడం తగ్గింది. అప్పుడు వదిన పేరూ ఊరూ లేని తెల్ల డబ్బాలో మరో క్రీము ఇచ్చారు. ట్యూబూ డబ్బా కలిపి ఏడాది దాటింది. ఇప్పుడు రెండు రాత్రులు మానితే మొహం ఎర్రగా కంది, పొయ్యి సెగ తగిలినా భగభగ మంట. చెంపల మీద సన్నటి ఎర్ర గీతలు, గడ్డం కింద నూగు. మంగు ఉన్నచోట ఇదివరకటి గోధుమ రంగు పోయి బూడిద రంగు మచ్చ మిగిలింది. భర్తతో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు ఫిల్టర్ పెట్టుకుంటున్నారు.

ఆమె అడిగినవి మూడు. "లోపలి చర్మం తెల్లగా ఉంటుందని, పై పొరలు ఊడేకొద్దీ అది బయటికొస్తుందని వదిన అంటుంది. నాకు ఎప్పటికి వస్తుందండి?" "సంక్రాంతికి ఆయన వచ్చి రెండు నెలలుంటారు. రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. క్రీము ఇప్పుడు మానాలా, ఆయన వెళ్లాక మానాలా?" "పదో తరగతి చదివే మా మేనకోడలు, వదిన కూతురు, కూడా మొటిమలకి ఇదే రాస్తోంది. వదినకి ఏమని చెప్పను? ఆయన కువైట్ వెళ్లేటప్పుడు గొలుసు తాకట్టు పెట్టి డబ్బిచ్చింది ఆవిడే."

అమ్మా, లోపలి చర్మం బయటికి రాదు. ముందు ఈ ఆశ వదులుకుంటే తక్కిన రెండు ప్రశ్నలూ సులువవుతాయి.

చర్మంలో ముఖ్యంగా రెండు పొరలు. పైది బాహ్యచర్మం, మొహం మీద దాని మందం 0.1 మి.మీ. అటూ ఇటూ. దానిలో రక్తనాళాలు లేవు. అడుగున పుట్టిన కణాలు పైకి జరుగుతూ దాదాపు నాలుగు వారాల్లో రాలిపోతాయి. రంగు తయారుచేసే కణాలు ఈ పొర అడుగున ఉంటాయి. దానికింద ఉండేది అంతశ్చర్మం. ఇది పైదానికంటే ఎన్నో రెట్లు మందం. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు అన్నీ ఇందులోనే. కొబ్బరి మట్ట గీరుకుని తెల్లటి గీత మాత్రమే పడితే అది పై పొర. నెత్తురు చిందిందంటే లోపలి పొర తెగినట్టు.

వదినగారి మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించగలను. నూనె చింది బొబ్బలెక్కి చితికితే కింద లేత గులాబీ రంగు కనిపిస్తుంది. అది చూసి లోపల తెల్ల చర్మం దాగుందని చాలామంది అనుకుంటారు. అది పుండు. దాని మీద మళ్లీ పై పొర అల్లుకుంటుంది, మన ఛాయవాళ్లకు ఆ చోటే ఇంకా నల్లబడుతుంది కూడా. ఒలిచేకొద్దీ తెలుపు రావడం అనేది శరీరంలో లేని పద్ధతి.

ఇక మీ మంగు. రంగు పై పొరలో ఉన్నంతవరకు గోధుమ రంగులో, అంచులు తెలిసేలా కనిపిస్తుంది. కొందరిలో కొంత రంగు కిందికి జారి అంతశ్చర్మంలో పడుతుంది. అక్కడ చెత్త ఏరే కణాలు దాన్ని మింగి ఉంచేసుకుంటాయి. అప్పుడది బూడిద, నీలం కలిసిన రంగులో, అంచులు తెలియకుండా ఉంటుంది. పచ్చబొట్టు ఎనభై ఏళ్ల ముసలమ్మ చేతి మీద కూడా చెరగకుండా ఉండేది ఇందుకే, ఆ రంగు ఉన్నది రాలిపోయే పొరలో కాదు. మీరు రాసిన బూడిద మచ్చ ఇలా లోపలికి దిగిన రంగు కావచ్చు. హైడ్రోక్వినోన్ అనే మందు నెలల తరబడి రాసినవాళ్లలో కొందరికి అంతశ్చర్మంలోనే నీలి నలుపు మచ్చ కొత్తగా ఏర్పడుతుంది, అదీ కావచ్చు. చూడకుండా చెప్పకూడదు. చర్మ డాక్టర్లు చీకటి గదిలో ఊదారంగు దీపం వేసి కొంత తేల్చుకుంటారు, కానీ మన ఛాయలో ఆ దీపం అన్నిసార్లూ నిక్కచ్చిగా చెప్పదు. రెండింట్లో ఏదైనా సరే, ఒక సంగతి మాత్రం ఖాయం, పైన ఇంకా గట్టిగా రుద్దితే అది పోదు.

ఆ ట్యూబు సంగతి. పది రోజుల్లో తెలుపు వచ్చిందన్నారు కాబట్టి అందులో స్టెరాయిడ్ ఉండటానికే అవకాశం ఎక్కువ. అట్ట మీద మొమెటాసోన్ (స్టెరాయిడ్ ఇదే), హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అనే మూడు పేర్లున్నాయేమో చూడండి. ఎడమ అంచున ఎర్ర గీత, ఆర్‌ఎక్స్ అనే అక్షరాలు ఉన్నాయేమో కూడా చూడండి. ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. 2018లో కేంద్రం చర్మానికి రాసే స్టెరాయిడ్లను చాలావరకు ఆ జాబితాలోకి తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు, అది వేరే కథ.

న్యాయంగా చెప్పాలంటే ఆ కలయిక విషమేమీ కాదు. 1975లో క్లిగ్‌మన్, విలిస్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు ఇలాంటి మూడు మందుల మిశ్రమాన్ని ప్రకటించారు, మంగుకి ఇప్పటికీ పనిచేసే వైద్యాల్లో అదొకటి. కానీ దాన్ని కొద్ది వారాలు, డాక్టరు కంటి ముందు వాడాలి. ఏడాది వాడేది కాదు.

స్టెరాయిడ్ రాయగానే అంతశ్చర్మంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఎరుపు పోతుంది, వాపు పోతుంది, రంగు తయారీ మందగిస్తుంది. మొదటి పది రోజుల తెలుపు అదే. అక్కడితో ఆగితే బాగుండేది. అంతశ్చర్మం అంటే ప్రధానంగా కొల్లాజెన్ అనే పోగుల అల్లిక, ఆ పోగులు వడికే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. స్టెరాయిడ్ నెలల తరబడి దిగితే ఆ కణాలు చేతులు ముడుచుకుంటాయి. దారం రాని రోజుల్లో మీ చేతిలో లేసు ఎలా ఆగిపోతుందో తెలుసు కదా, ఇక్కడ ఆగడంతో పాటు పాత అల్లిక కూడా పలచబడుతుంది. ఆ పలుచని చర్మంలోంచి కింది నాళాలు కనిపిస్తాయి. మీరు రాసిన ఎర్ర గీతలు అవే. వేలితో నొక్కి వదలండి, ఎరుపు ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తే రక్తనాళమే. గడ్డం కింద నూగు కూడా స్టెరాయిడ్ పనే.

మరి మానితే మంట ఎందుకు? ఏడాదిగా బలవంతంగా ముడిచి ఉంచిన నాళాలు ఒక్కసారి విచ్చుకుంటాయి. మొహం కందిపోతుంది, సెగ తగిలితే మండుతుంది. మళ్లీ క్రీము రాస్తే చల్లబడుతుంది. దాంతో అది రోగం, ఇది మందు అనిపిస్తుంది. నిజానికి ఆ మంట తెచ్చిందే ఆ క్రీము. మీరొక్కరే ఇందులో ఇరుక్కోలేదు. 2011లో మన దేశంలోని కొన్ని ఊళ్ల చర్మ ఆసుపత్రుల్లో 2926 మందిని పరిశీలించి రాసిన నివేదికలో, 433 మంది మొహానికి స్టెరాయిడ్ వాడుతున్నట్టు తేలింది. చర్మ డాక్టర్ల పుస్తకాల్లో ఇలాంటి మొహానికి ప్రత్యేకంగా ఒక జబ్బు పేరే ఉంది.

పేరులేని డబ్బా గురించి మాత్రం గట్టిగా చెప్తాను. ట్యూబులో ఏముందో చదువుకోవచ్చు, డబ్బాలో ఏముందో ఇచ్చినావిడకి కూడా తెలియదు. ఇంకా బలమైన స్టెరాయిడ్ ఉండొచ్చు, పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటే, కారణం వెతికిన డాక్టర్లకు వాళ్లు రాసుకున్న తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కనిపించింది. మీకు అలాగే అయిందని అనడం లేదు. మూత్రం నురగ కడుతోందా, పొద్దున కాళ్లూ కళ్ల చుట్టూ ఉబ్బుతున్నాయా చూసుకోండి. అలాంటివి లేకపోయినా మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ఒకటి చేయించండి, ఏ చిన్న ల్యాబులోనైనా చేస్తారు. గర్భంలోని బిడ్డకు పాదరసం చేరుతుంది. కాబట్టి డబ్బా విషయంలో ఇప్పుడా తర్వాతా అనే ప్రశ్న లేదు, ఈ వారమే దాని మూత మూసేయాలి. పారేయకండి, డాక్టరుకి చూపించాలి.

ఇక సంక్రాంతి. మీ ముందు మూడు దారులున్నాయి.

ఆయన వెళ్లేదాకా ఇలాగే లాగడం ఒకటి. పండక్కి మొహం ఇప్పటిలాగే ఉంటుంది, ఆయన ఏమీ అడగరు. కానీ మరో ఐదు నెలల స్టెరాయిడ్ అంతశ్చర్మంలోకి దిగుతుంది. మానేసరికి మార్చి సగం అవుతుంది, గోదావరి జిల్లాల ఎండల్లో కందిన మొహంతో పంటు మీద నిలబడాలి. అన్నిటికంటే ముఖ్యంగా బిడ్డ కోసం అనుకుంటున్నారు. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ గర్భం కోసం ప్రయత్నించే నెలల్లో వాడొద్దంటాం. నెల తప్పిన సంగతి మీకు తెలిసేసరికే కొన్ని వారాలు గడిచిపోతాయి. మీ ప్రశ్నకి నేను జవాబు వెతుక్కున్నది ఇక్కడే, ఎర్ర గీతల దగ్గర కాదు. ఈ దారి నాకు నచ్చలేదు.

రేపటి నుంచి అన్నీ ఒక్కసారి ఆపేయడం ఇంకొకటి. కొందరు డాక్టర్లు ఇదే చేయిస్తారు, మంటకి వేరే మందులిచ్చి దాటిస్తారు. కొద్ది రోజుల్లోనే మొహం ఎర్రబడి మొదటి వారాలు చాలా కష్టంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. సంక్రాంతికి మూడు నెలలు కూడా లేవు. ఆలోపు చెడ్డకాలం దాటిపోయే అవకాశం ఉంది గానీ పూర్తిగా సర్దుకుంటుందని మాటివ్వలేను, ఏడాది వాడినవాళ్లలో అంతకంటే ఎక్కువ పట్టడం కూడా మామూలే. డాక్టరు తోడు లేకుండా చేస్తే మాత్రం పదోరోజు రాత్రి మంట తట్టుకోలేక మళ్లీ డబ్బా తీస్తారు. చాలామంది అక్కడే ఓడిపోతారు.

నెమ్మదిగా దిగడం మూడోది. డాక్టరు తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్‌కి మార్చి, రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు అంటూ తగ్గిస్తారు. పక్కన స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లాంటి ఆయింట్‌మెంట్ పెడతారు, అది కూడా మొదటి కొద్ది రోజులు చురుక్కుమంటుంది, భయపడకండి. మంట భరించగలిగేలా ఉంటుంది, రోజులు ఎక్కువ పడతాయి. మీకు ఇది సరిపోతుందని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు ఒక్కరే బాబునీ పనినీ చూసుకోవాలి. బిడ్డ కోసం అనుకుంటున్న సంగతి మొదటిరోజే డాక్టరుకి చెప్పండి. దాన్నిబట్టి మందులు మారతాయి. మంగుకి మింగే ట్రానెక్సామిక్ మాత్రలు, మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్ లాంటివి గర్భం కోసం చూస్తున్నప్పుడు ఇవ్వరు. మంగుకి అజెలాయిక్ ఆమ్లం లాంటిది ఇవ్వవచ్చు. గర్భం వస్తే మంగు మళ్లీ ముదరవచ్చు, అది ముందే తెలుసుకుని ఉండండి.

ఏ దారి పట్టినా ఎండ సంగతి చూసుకోకపోతే అంతా వృథా. లేసు పనికి వెలుతురు కావాలి, నిజమే. అరుగు మీద ఏ వైపు కూర్చుంటారో గమనించారా? వీధివైపున్న చెంప మీద మంగు ఎక్కువ ఉంటే ఆశ్చర్యపోను. గోడవైపు రెండడుగులు లోపలికి జరగండి. మన ఛాయలో కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును ముదురుస్తుంది, అందుకని లేత గోధుమ రంగు కలిసిన సన్‌స్క్రీన్ అడగండి, అందులో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీత గీసినంత క్రీము మొహానికీ మెడకీ కావాలి, బఠాణీ గింజంత రాస్తే రాయనట్టే. పంటు మీద గొడుగు వేసుకున్నా నీటి మీద నుంచి వచ్చే ఎండ కింది నుంచి కొడుతుంది, పొద్దున్నే మొదటి పంటుకి వెళ్లడం మేలు. పసుపు, నిమ్మరసం, శనగపిండి అన్నీ ఇప్పుడు మానండి. ఆ చర్మానికి నిమ్మరసం తగలనివ్వకండి.

పోయిన చర్మం తిరిగొస్తుందా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. పలచబడిన అంతశ్చర్మం నెలలు గడిచేకొద్దీ చాలావరకు కోలుకుంటుంది. ఎర్ర గీతలు కొన్ని ఉండిపోవచ్చు, వాటికి తర్వాత లేజర్ ఉంది, తొందర లేదు. బూడిద మచ్చ పలచబడుతుంది, పూర్తిగా పోతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

మీ ఆయన సంగతి. చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరమంతా ఆ భయమే ఉంది. చెప్పకపోతే విమానం దిగిన రోజు ఫిల్టర్ లేని మొహం ఆయనే చూస్తారు, అప్పుడు మొహం గురించి కాక దాచడం గురించి మాట వస్తుంది. చెప్తే వాళ్ల అక్కకి ఫోన్ చేసి అరిచే ప్రమాదం ఉంది. అందుకని చెప్పేటప్పుడు వదిన పేరు మొదట ఎత్తకండి. "ఏవండీ, ఒక క్రీము పడక మొహం పాడైంది, డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, మీరొచ్చేసరికి ఎర్రగా ఉంటే కంగారు పడకండి, పిల్లల కోసం అనుకుంటున్నాం కదా, అందుకే ఇప్పుడు మానుతున్నాను" అంటే చాలు. ఎవరిచ్చారని అడిగితే అబద్ధం ఆడొద్దు. అక్క కూడా తెలియక ఇచ్చిందనండి, అది నిజమే.

వదినగారి విషయంలో మీకు అడ్డొస్తున్నది క్రీము కాదు, గొలుసు. అప్పు ఉన్నప్పుడు మంచి మాట కూడా ఎదురు తిరిగినట్టు వినపడుతుంది. ఆవిడ మొహం మీదే "నీ క్రీము వల్ల పాడైపోయాను" అంటే ఆవిడ తన మీదికి రాకుండా చూసుకుంటారు, "అందరికీ పడింది, నీకే పడలేదు" అంటారు, మాటా మాటా పెరిగి తాకట్టు సంగతి బయటికొస్తుంది. ఏమీ చెప్పకుండా మీరు మాత్రం మానేస్తే ఇంట్లో గొడవ ఉండదు, ఆ పిల్ల మాత్రం రాస్తూనే ఉంటుంది. పదిహేనేళ్ల మొహానికి స్టెరాయిడ్ రాస్తే మొదట మొటిమలు అణిగినట్టు ఉండి తర్వాత విరగబడి లేస్తాయి, వాటి గుంటలు అంతశ్చర్మంలో పడితే ఏళ్ల తరబడి ఉంటాయి. మీరు ఆగొచ్చు, ఆ పిల్ల విషయం ఆగదు.

అందుకని ముందు పిల్ల మొటిమల వైపు నుంచి వెళ్లండి. "వదినా, నేను చర్మ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, పిల్ల మొటిమలు కూడా చూపిద్దాం, పబ్లిక్ పరీక్షల ముందు తగ్గిపోతే దానికీ హాయి" అనండి. అమలాపురం అయినా నరసాపురం అయినా మీకు దగ్గరే. ఖర్చు భయం ఉంటే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ట్యూబు, దాని అట్టపెట్టె, తెల్ల డబ్బా సంచిలో వేసుకోండి. ఫిల్టర్ లేని పాత ఫొటోలు ఫోన్‌లో ఉంచండి. ఆ రోజు మొహానికి ఏమీ రాయకుండా వెళ్లండి.

పిల్ల చిన్నది కాబట్టి అమ్మ వెంట ఉండాలని డాక్టరు ఎలాగూ అంటారు. వదినగారు ఆ గదిలో కూర్చున్నాక డబ్బా మీరే బల్ల మీద పెట్టి, "ఇందులో ఏముందండి?" అని అడగండి. జవాబు డాక్టరు నోటి నుంచి రానివ్వండి. ఆవిడకి ఆ డబ్బాలు ఎవరు సరఫరా చేస్తున్నారో ఆరా తీయాల్సింది ఆ తర్వాతే, అదీ ఆవిడే తీస్తారు. ఒప్పుకోకపోతే, పిల్ల పేరుతో డాక్టరు రాసిచ్చిన చీటీని మీరు ఒక ఫొటో తీసి ఉంచుకోండి. పిల్లకి ఫోన్ ఉంటే నేరుగా దానికే పంపండి. పదో తరగతి పిల్ల "స్టెరాయిడ్" అన్న మాట చదివి అర్థం చేసుకోగలదు.